ఎవరూ అడగని సాయంత్రం

"ఈ చట్టం వచ్చినా మన కొంపే మునుగుతుంది, రాకపోయినా మన కొంపే మునుగుతుంది," అంది ఆవిడ, నల్లకోటు మీద నీళ్లు చిలకరిస్తూ.

లాండ్రీ తలుపు ఇంకా సగమే తీసి ఉంది. బాయిలరు వేడెక్కలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ జరగనూ లేదు. అయినా ఆవిడకు పైకి అనేస్తే గానీ నెమ్మది ఉండదు. చెడు జరుగుతుందని తానే ముందు అనేస్తే, ఆ చెడు సిగ్గుపడి వెనక్కి పోతుందని ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి నమ్మకం.

"మునిగేదేదో మునుగుతుంది గానీ, ముందు ఆ కాలర్ నొక్కు," అన్నాడు ఆవిడ భర్త, ఆ ఇంటి పెద్దాయన, బాయిలరు దగ్గర నుంచి తల తిప్పకుండా. "అక్కడ మనిషి చలికి వణుకుతున్నాడు."

బెంచీ మీద ఉత్త చొక్కాతో కూర్చున్న లాయరు నవ్వాడు. ఆయనకున్నది ఒకటే కోటు. రోజూ పొద్దున్నే వచ్చి, దాన్ని విప్పి ఇచ్చి, అది మళ్లీ చేతికొచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు. వీధి వీధంతా ఆయన్ని ఒంటికోటు లాయరంటుంది. ఆయన ముందే అంటుంది కూడా. ఆవిడ కొడుకు చిన్నాడి కేసు చూస్తున్నది ఆయనే.

నిన్న చెప్పిందే ఆయన మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. చట్టసభ వేసిన కమిటీ రేపు పొద్దున టౌన్ హాల్లో కూర్చుంటుంది. శిక్షల చట్టంలో తేబోయే మార్పుల మీద జనం ఏమంటారో వింటుంది. అందులో ఒక సెక్షన్ ఉంది. మనిషి పోయిన కేసుల్లో, శిక్ష వేసేముందు, పోయినవాడి కుటుంబం జడ్జిగారి ఎదుట తమ మాట తాము చెప్పుకోవచ్చు. ఇప్పటిదాకా వాళ్లు వట్టి సాక్షులు. అడిగినదానికి జవాబివ్వడం, బోను దిగిపోవడం. అడగనిది చెప్పడానికి నోరు తెరిస్తే, అది అనవసరం, కూర్చోమంటారు. కమిటీలో కొందరికి ఆ సెక్షన్ గిట్టడం లేదు. ఏడుపులు విని శిక్షలు వేస్తామా అంటున్నారు.

"మీ అమ్మాయిని అడిగేది ఒక్కటే ప్రశ్నమ్మా. ఈ చట్టం ఇప్పటికే ఉండుంటే జడ్జిగారికి ఏం చెప్పేదానివి అని. అంతే. పోయినవాడికి పెళ్లాం, లోపలున్నవాడికి అక్క. అలాంటి మనిషి నోట విన్నాక ఆ సెక్షన్ కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు."

చిన్నాడి నేరం రుజువైపోయింది. మిగిలింది శిక్షే. జడ్జి దాన్ని వాయిదాల మీద వాయిదాలు జరుపుతున్నాడు. ఈలోగా చట్టం బయటికొస్తే అక్క మాట వినకుండా తమ్ముడికి శిక్ష వెయ్యడం కుదరదని లాయరు ఆశ.

ఆవిడ ఇస్త్రీపెట్టె కోటు భుజం మీద ఆనించింది. అక్క మాట వింటారు, సరే. ఆ అక్క, వాణ్ణి వదలొద్దంటే? అప్పుడు ఆ మాటకు కూడా చట్టం బలం వచ్చినట్టే కదా.  ఆ ప్రశ్న లాయరును అడగడానికి లేదు. ఎందుకంటే, పోయిన వారం ఇదే బల్ల దగ్గర, మీ అమ్మాయి ఏమంటోందమ్మా అని ఆయన అడిగితే, మా అమ్మాయి తమ్ముణ్ణి క్షమించేసిందండీ అని చెప్పింది తానే. కూతుర్ని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. తన మౌనం చూసి లాయరు ఎక్కడ కేసు వదిలేస్తాడోనన్న భయంతో నోట్లోంచి వచ్చేసిన మాట అది. ఆ మాట పట్టుకునే ఆయన కమిటీకి కూతురి పేరు ఇచ్చొచ్చాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు పెద్దాయన.

ఆవిడ చూసుకుంది. ఎడమచేతి వేళ్లు ఇస్త్రీపెట్టె అంచుకు ఆనుకుని ఉన్నాయి. చర్మం తెల్లగా ఉబ్బింది. మంట తెలియలేదు. ఈమధ్య చాలా సంగతులు అలాగే తెలియడం లేదు. ఆకలి, చలి, ఎవరైనా పిలవడం. వేళ్లు నీళ్ల గిన్నెలో ముంచి, మళ్లీ కాలర్ నొక్కింది.

లాయరు కోటు తొడుక్కుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మీ వాడు ఆ ఒక్క అబద్ధం వదిలేసుంటే పని ఇంకా తేలికయ్యేదమ్మా. తప్పు ఒప్పుకోనివాడి మీద ఏ జడ్జికీ జాలి పుట్టదు."

ఆ ఒక్క అబద్ధం ఏదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

లాండ్రీలో ఒక అలవాటుంది. సాయంత్రం పెద్ద ఇస్త్రీ ప్రెస్సు ఆపేశాక దాని పలక చాలాసేపు వేడిగానే ఉంటుంది. ఆ వేడి వృథా కాకుండా, కాస్త తడి మిగిలిన హోటలు దుప్పట్లు దాని మీద పరిచి తాళం వేస్తారు. తెల్లారేసరికి అవి పొడిగా, చదునుగా ఉంటాయి. పెద్దాయన కనిపెట్టిన కిటుకు. ఇంకే లాండ్రీలోనూ ఇలా చెయ్యరని ఆయనకు గొప్ప. ఆపేయడం మాత్రం మరిచిపోకూడదు.

అల్లుడు పోవడానికి ముందురోజు ఆపవలసింది చిన్నాడు. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి షాపంతా కాలిన వాసన. దుప్పట్లన్నీ గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పిండయ్యాయి. అల్లుడు హోటలువాళ్లకు మాటిచ్చిన మనిషి. ఆపకుండా పోయావని అతను, ఆపానని చిన్నాడు. మాటామాటా పెరిగింది. చిన్నాడు బావను ఒక్క తోపు తోశాడు. కొట్టడం కూడా కాదు, తోపే. నేల తడిగా ఉంది. ప్రెస్సు అంచు అల్లుడి కణతకు తగిలింది.

చిన్నాడు కోర్టులో అన్నీ ఒప్పుకున్నాడు. తోశానన్నాడు. కోపం వచ్చిందన్నాడు. ప్రెస్సు ఆపలేదని మాత్రం ఒప్పుకోలేదు. నిర్లక్ష్యం చేసి, పట్టుబడి, ఆ ఉడుకుమోత్తనంతో మనిషిని చంపాడని అవతలి లాయరు వాదించాడు. జడ్జి తలాడించాడు.

పోయినసారి జైల్లో చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడ ఇనుప జాలీ ఇవతలి నుంచి కొడుకును బతిమాలింది. మర్చిపోయానని ఒక్క మాట అను నాన్నా, నీ సొమ్మేం పోతుంది అంది. వాడు బాగా చిక్కిపోయాడు. జాలీ పట్టుకుని, ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"అక్క తింటోందా?"

"తింటోంది."

"నేను ఆపానమ్మా," అన్నాడు. అరవలేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పాడు.

ఆవిడ నమ్మలేదు. కన్నతల్లే నమ్మకపోతే జడ్జి ఎలా నమ్ముతాడన్న ఆలోచన వచ్చింది గానీ, అది కూడా వేలి మీది మంటలాగే లోపలికి దిగలేదు.

పొద్దెక్కాక వియ్యపురాలు వచ్చింది.

వస్తుందని ఆవిడ అనుకుంటూనే ఉంది. కోర్టు క్యాంటీనులో ఒంటికోటు లాయరు చెప్పిన మాట వీధులన్నీ తిరిగి ఆమె చెవిన పడకుండా ఎక్కడికి పోతుంది? చెప్పులు గుమ్మం బయట విడవలేదు. బెంచీ మీద కూర్చోలేదు. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పక్కన పెట్టేసింది. వెనక గదిలో కూతురు దిండుగలీబులు మడతపెడుతోంది. తలుపు తెరిచే ఉంది.

"వదినగారూ, క్షమించేశారట గదా," అంది వియ్యపురాలు. గొంతులో కోపం కూడా అరిగిపోయినట్టుంది. "పోయిన బిడ్డ నావాడు. క్షమించింది మీరు. బాగుంది. చచ్చింది మీ షాపులో, చంపింది మీవాడు, మన్నించేది మీ అమ్మాయి. అన్నీ ఒకే కప్పు కింద తేల్చుకున్నారు. మా ఇంటి దాకా కబురు పంపడం కూడా దండగనుకున్నారేమో."

ఆవిడ ఏదో సర్దిచెప్పబోయింది. అల్లుణ్ణి తాము కొడుకులా చూసుకున్నామంది. తమ గుండెల్లోనూ రాయి పడిందంది. వియ్యపురాలు అంతా విన్నది. విని, తానూ రేపు టౌన్ హాలుకు వస్తానంది. భార్య మాట మాటైతే కన్నతల్లి మాటా మాటేనట, లాయర్లను కనుక్కుందట. తనను అడిగితే ఏం చెబుతుందో ఇంకా అనుకోలేదట. ముందు కోడలు ఏం చెబుతుందో విని అప్పుడు లేస్తుందట.

అప్పుడు వెనక గది వైపు తిరిగింది.

"ఏమ్మా, నిజమేనా? ఆ మాట నువ్వన్నావా, మీ అమ్మ అందా?"

దిండుగలీబు మడతపెడుతున్న చేతులు ఆగాయి. కూతురు అత్తగారి వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఏమీ లేదు. ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.  చెయ్యి చాచి ఇంకో దిండుగలీబు తీసుకుంది.

పెద్దాయన బాయిలరు ఆవిరి వదిలాడు. ఆ చప్పుడులో అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడవలసిన పని లేకపోయింది. ఆయన కావాలనే వదిలాడని ఆవిడకు తెలుసు.

వియ్యపురాలు వెళ్లేముందు ప్రెస్సు దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. దాని అంచుకు ఇప్పుడు రబ్బరు పట్టీ చుట్టి ఉంది. చేత్తో తడిమింది. ముందే చుట్టి ఉండాల్సింది అంది. అదొక్కటే ఆమె ఏ ఎత్తిపొడుపూ లేకుండా అన్న మాట.

ఆమె వెళ్లాక ఆవిడ వెనక గదిలోకి వెళ్లింది. కూతురి పక్కన నిలబడింది. తప్పైపోయిందని చెబుదామనుకుని, భోజనం చెయ్యవే, పొద్దుపోతోంది అంది. కూతురు తలూపింది. ఆ ఇంట్లో అల్లుడు పోయిన దగ్గర నుంచీ మాటలన్నీ ఇలాగే ఉన్నాయి. తిన్నావా, నీళ్లు వస్తున్నాయి, హోటలు బండి వచ్చింది. అసలు మాట మాత్రం ఇద్దరి మధ్యా, ఎవరూ తీసుకుపోని మూటలా, నేల మీద పడి ఉంటుంది. ఇద్దరూ దాన్ని దాటుకుని నడుస్తారు.

మధ్యాహ్నమంతా ఆవిడకు రేపటి హాలే కళ్ల ముందు ఆడింది. కూతురు లేస్తుంది. నేను క్షమించలేదు, మా అమ్మ అబద్ధం చెప్పింది అంటుంది. లేదా వాణ్ణి జన్మంతా లోపలే ఉంచమంటుంది. లేదా వెళ్లనే వెళ్లదు. లేదా దారిలో ఏ బండో గుద్దేస్తుంది. ఏ దారిన పోయినా ఆవిడ ఆలోచన గోతిలోనే తేలింది. అన్ని గోతులు చూశాక భయం కూడా ఒక అలవాటు పనిలా అయిపోయింది. బట్టల జేబులు వెతకడం, గుండీలు చూడడం, భయపడడం.

సాయంత్రం పెద్దాయన ప్రెస్సు ఆపి, మీట పక్కన ఎర్రదీపం ఆరిందో లేదో చూసి, బండితో హోటలుకు వెళ్లాడు. ఆ దీపం కొత్తది. ఆ ఘోరం జరిగిన రోజుల్లో అది మాడిపోయి ఉండేది. మీట ఒకసారి నొక్కితే మెషీన్ నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. దీపం లేకపోతే పలక చల్లారేదాకా అది ఆగి ఉందో నడుస్తోందో చూసి చెప్పలేరు. అన్నీ అయిపోయాక పెద్దాయన మారుమాట లేకుండా దీపం మార్చాడు.

ఆవిడ మాత్రం తాళం వేశాక కూడా మేడ మీది ఇంట్లోంచి దిగి వెళ్లి చూడటం మానలేదు. గ్యాసు, తలుపు గడియ, ప్రెస్సు, మళ్లీ గ్యాసు. ఆ మీటకే నోరుంటే నీ మీద కేసు పెట్టేదని పెద్దాయన ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు చెయ్యడం లేదు.

పెద్ద దుప్పట్లు మిగిలాయి. అవి ఒక్కరు మడవలేరు. ఇద్దరు కావాలి. చెరొక వైపు రెండు కొసలు పట్టుకుని, దులిపి, బిగించి, ఒకరి వైపు ఒకరు నడవాలి. కొసలు కలపాలి. మళ్లీ వెనక్కి వెళ్లాలి. మళ్లీ దగ్గరకు రావాలి. ఎంత మాటలు లేకపోయినా, దుప్పటి దుప్పటికీ తల్లీ కూతుళ్ల చేతులు తాకుతూనే ఉంటాయి.

కొన్ని దుప్పట్లు అలా అయిపోయాయి. కిటికీలోంచి వచ్చే వెలుగు నేల మీద నుంచి గోడ మీదికి పాకింది.

"ఆ మాట అన్నది నేనే," అంది ఆవిడ, కొసలు అందిస్తూ. "నిన్నడక్కుండా అన్నాను. భయమేసి అన్నాను."

కూతురు కొసలు అందుకుని వెనక్కి నడిచింది.

"రేపు వెళ్లకపోయినా పరవాలేదు. లాయరుకు నేనే చెప్పుకుంటాను." దుప్పటి బిగిసింది. "వెళ్తే మాత్రం... ఏం చెబుతావే?"

కూతురు దగ్గరకు వచ్చింది. కొసలు కలిపింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. ఆవిడకు తట్టుకోవడం కాలేదు. ఎన్నోసార్లు అన్న మాటే, ఏడవలేనప్పుడల్లా అనే మాటే మళ్లీ అంది.

"అంతా నా ఖర్మ. రోజూ వెళ్లి చూసుకునేదాన్ని. ఆ ఒక్క రోజే వెళ్లి చూసుకోకపోయాను. వెళ్లుంటే ఆపేసేదాన్ని గదా. ఆపేసుంటే ఈపాటికి అందరం..."

"వెళ్లావమ్మా."

దుప్పటి వాళ్లిద్దరి మధ్యా బిగుతుగా అలాగే ఉంది.

"ఎక్కడికి?"

"షాపులోకి. ఆ సాయంత్రం." కూతురి గొంతు వాడక వాడక బొంగురుపోయి ఉంది. "తమ్ముడు ప్రెస్సు ఆపాడు. దుప్పట్లు పరిచాడు. తాళం వేసి పైకొచ్చాడు. నేను దండెం మీద బట్టలు తీస్తున్నా. నువ్వు తాళంచెవులు పట్టుకుని కిందకెళ్లావు. లోపలికెళ్లి, వెంటనే వచ్చేశావు. ఎప్పటిలాగే."

"లేదే. వెళ్తే నాకు గుర్తుండదా?"

"రోజూ వెళ్లే మనిషివి. ఏ రోజని గుర్తుంటుంది?"

 ఆవిడకు తలలో ఏమీ గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది బొటనవేలికి. చీకటి పడుతున్న గది. వెలగని దీపం. పలక మీద వేడి. వేడిగా ఉంది కాబట్టి నడుస్తోందేమోనన్న గుబులు. ఎందుకైనా మంచిదని నొక్కితే, మీట వేలి కింద మెత్తగా లోపలికి దిగడం. ఆపేశానన్న నెమ్మదితో మెట్లెక్కడం.

"కోర్టులో తోసింది చూశావా అనడిగారు. చూశానన్నాను. ఎవరు ముందు అరిచారన్నారు. చెప్పాను. ముందురోజు సాయంత్రం గురించి నన్నెవరూ అడగలేదు." కూతురు కొసలు వదల్లేదు. "వాళ్లిద్దరూ ఆపలేదని ఒకరు, ఆపానని ఒకరు అరుచుకుంటుంటే నాకప్పుడు తట్టింది. చెప్పబోయాను. నువ్వు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. నీ మొహం చూసి ఆగాను. నేను ఆగేసరికి ఆయన కింద పడున్నారు."

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. 

"తమ్ముణ్ణి క్షమించానో లేదో నాకింకా తెలియదమ్మా. వాడు తోశాడు. అది కాదనను. కానీ వాడు ఆపాడు. జడ్జికి ఏం చెప్పేదానివని రేపు అడిగితే, నా దగ్గరున్నది ఇదొక్కటే. మా అత్తగారు కూడా ఉంటారక్కడ. చెప్పనా?"

ఆవిడ చూపు ప్రెస్సు మీద ఉంది. ఎర్రదీపం ఆరి ఉంది. అయినా కాళ్లు అటు వెళ్లబోయాయి, ఒక్కసారి నొక్కి చూసొద్దామని. ఆగింది. పొద్దున కాలిన వేళ్లు అప్పుడు మండడం మొదలుపెట్టాయి.

రేపటి హాలు మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఈసారి అందరి తలలూ తన వైపే తిరిగి ఉన్నాయి. వియ్యపురాలి తల కూడా. జాలీ అవతల చిన్నాడు, ఎవరికో దారి చెబుతున్నట్టు, ఆపానమ్మా అంటున్నాడు.

గోడ మీది వెలుగు కప్పు దాకా పాకి, పలచబడి, పోయింది. ఇద్దరి చేతుల్లోనూ దుప్పటి అలాగే ఉంది. కూతురు మళ్లీ అడగలేదు. ఎదురు చూస్తున్నట్టు కూడా నిలబడలేదు, ఊరికే నిలబడింది.

ఆవిడ నడిచింది. కూతురి దాకా వెళ్లి, తన చేతిలోని రెండు కొసలూ కూతురి చేతిలో పెట్టింది. వట్టి చేతులతో నిలబడింది.

"చెప్పు," అంది.